మావయ్య ముఖం కనబడిన డ్యాష్‌బోర్డు

కాలవగట్టు కింద బొండాడ వారింట్లో ముగ్గురుండేవారు. ముగ్గురికీ తెలివి ఎక్కువే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. పెద్దవాడు తాతబ్బాయి అయితే, "తెలివనేది మంచి చీర లాంటిది, రోజూ కడితే వెలిసిపోతుంది" అని దాన్ని బొత్తిగా వాడకుండా దాచుకున్నాడు. తమ్ముడు నూకరాజు అన్నని చూసి దాచుకున్నాడు. తాతబ్బాయి పెళ్ళాం మంగతాయారు అత్తారింటి పద్ధతి కాదనడమెందుకని తనదీ దాచేసింది.

ఇలాంటి తాతబ్బాయికి ఒకే ఒక్క కోరిక. మేనమామ కొండలరావుగారి తెల్ల కారు నడపాలి. నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు, ఆ లైసెన్సుకి రోజూ పసుపూ కుంకుమా పెడుతున్నాడు. మావయ్య మాత్రం తాళం చేతికిచ్చేవారు కాదు. ఇస్తారా మరి! ఆయనకీ కొంచెం తెలివుంది, ఆయన దాన్ని వాడేవారు.

కాశీకి బయల్దేరే రోజున ఏమనుకున్నారో, కారు తెచ్చి వీళ్ళ పెరట్లో పెట్టి తాళం ఇచ్చారు.

"ఒరేయ్ తాతబ్బాయ్! ఈ డ్యాష్‌బోర్డు చూశావా? ఎండకి వెలిసిపోయి బూజు పట్టిన ఆవకాయలా తయారైంది. నేను తిరిగొచ్చేసరికి కొత్తదాన్లా మెరిసిపోవాలి. నా ముఖం అందులో కనబడాలి. కనబడిందా, అన్నవరం వ్రతానికి స్టీరింగ్ నీ చేతికిస్తాను. కనబడలేదా, ఈ జన్మలో ఆ కారు తలుపు కూడా ముట్టుకోనివ్వను."

సంతోషంతో ఆ రాత్రి తాతబ్బాయికి అన్నం కూడా సయించలేదు. మర్నాడు మొదలెట్టేశాడా అంటే, లేదు. "తిరిగొచ్చేసరికి అన్నారు కదా, ముందే మెరిపిస్తే ఆయన మాట దాటినట్టు కాదూ?" అంది మంగతాయారు. నిజమే కదా! చేతులు కట్టుకుని కూర్చున్నారు. మావయ్య దిగే రోజు పొద్దున్నే తాతబ్బాయి టౌనుకెళ్ళి, కార్ల సామాన్లు అమ్మే కొట్లో పాలిష్ సీసా కొన్నాడు.

కొట్టాయన మంచివాడు. "ముందు దుమ్ము బాగా దులపండి. కారు నీడలో పెట్టుకోండి, ఎండలో రాస్తే మరకలు పడతాయి. ముందు కనబడని చోట కొంచెం రాసి చూడండి. రంగు బాగానే ఉంటే మిగతాదంతా రాయండి. ఆరేదాకా మాత్రం ముట్టుకోకండి" అని చెప్పాడు. తాతబ్బాయి దారి పొడుగునా అదే మాట వల్లించుకుంటూ ఇంటికొచ్చాడు. అందులో ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు. కష్టమంతా అక్కడే వచ్చింది.

ముందు దుమ్ము దులపాలి. నూకరాజు పరుపులు దులిపే కర్ర తెచ్చాడు.

"తలుపులు తీసి దులిపితే దుమ్మంతా ఇంట్లోకొస్తుందండీ, నేనిప్పుడే ఊడ్చాను" అంది మంగతాయారు.

అంతే. ముగ్గురూ కార్లోకెక్కి, తలుపులు మూసి, అద్దాలు బిగించి, డ్యాష్‌బోర్డుని దబాదబా బాదారు. దుమ్ము లేచింది. వెళ్ళడానికి దారి లేక వీళ్ళ మీదే కూర్చుంది. దిగేసరికి ముగ్గురూ పిండిమరలోంచి వచ్చినట్టున్నారు.

"అన్నయ్యా, సగం దుమ్ము మళ్ళీ దాని మీదే పడింది!"

"ఉన్న దుమ్ము దులపమన్నారుగానీ పడిన దుమ్ము దులపమన్లేదు కదరా" అన్నాడు తాతబ్బాయి. మంగతాయారు మొగుడి తెలివికి మురిసిపోయింది.

తర్వాత నీడ. పెరట్లో ఉన్నది ఒక్క కొబ్బరిచెట్టు. దాని నీడలోకి కారు తోశారు. అలా తోసి నడుం నిమురుకునేసరికి నీడ పక్కకి జరిగింది. మళ్ళీ తోశారు. మళ్ళీ జరిగింది.

"ఇదేం చెట్టండీ, ఒక్కచోట నిలబడదు!" అని మంగతాయారు చెట్టుని తిట్టింది. చెట్టు పాపం పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉంది. పొద్దు వాలేకొద్దీ నీడ పొడుగైంది, పెరడు దాటింది, గేటు దాటింది. వీళ్ళూ దాటారు. చివరికి నీడ రోడ్డుకి అడ్డంగా పడుకుంది, కారూ రోడ్డుకి అడ్డంగా ఆగింది. అసలే అది కాలవగట్టు దిగుడు. జారకుండా నూకరాజు చక్రం కింద రాయి పెట్టాడు. ఆ రోజు మొత్తానికి వాళ్ళు చేసిన తెలివైన పని అదొక్కటే.

ఇక కనబడని చోట రాసి చూడాలి. తాతబ్బాయి డ్యాష్‌బోర్డు అంతా వెతికాడు.

"ఈ మూల?"

"కనబడుతోందన్నయ్యా."

"స్టీరింగ్ కింద?"

"వంగితే కనబడుతోంది."

"ఈ గాలి వచ్చే కంతల వెనక?"

"టార్చి వేస్తే అదీ కనబడుతోందండీ" అంది మంగతాయారు.

తాతబ్బాయికి చెమటలు పట్టాయి. కనబడని చోటు దొరక్కపోతే పాలిష్ లేదు. పాలిష్ లేకపోతే మావయ్య ముఖం లేదు, స్టీరింగ్ లేదు. లైసెన్సుకి చేసిన పూజంతా వృథా. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు నూకరాజు దాచుకున్న తెలివిలోంచి చిటికెడు తీశాడు.

"కళ్ళు మూసుకోన్నయ్యా. ఇప్పుడేమన్నా కనబడుతోందా?"

"లేదు."

"మరింకేం! అంతా కనబడని చోటే!"

ఇంకేముంది, ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకుని రాయడం మొదలెట్టారు. కొట్టాయన రాసి చూడమన్నాడు కాబట్టి, కాసేపు రాసి, మూసిన కళ్ళతోనే చూశారు.

"ఎలా ఉంది తాయారూ?"

"నల్లగా నిగనిగలాడిపోతోందండీ!"

"నాకూ అంతే! కొత్తది కూడా ఇంత నల్లగా ఉండదు!"

రంగు బాగానే ఉందని తేలింది కాబట్టి మిగతాదంతా రాసేశారు. డ్యాష్‌బోర్డుకి రాశారు, స్టీరింగ్‌కి రాశారు, గేరుకీ బ్రేకుకీ సీట్లకీ రాశారు. నూకరాజు చెవికి రెండుసార్లు రాశారు. సీసా ఖాళీ అయ్యాక కళ్ళు తెరిచారు.

ఆశ్చర్యమనే చెప్పుకోవాలి. అంత అఘాయిత్యం చేసినా డ్యాష్‌బోర్డు అద్దంలా మెరుస్తోంది! పడ్డ దుమ్ము కూడా వీళ్ళ చీరకొంగుకీ చొక్కాలకీ అంటుకుపోయింది. తాతబ్బాయి ఆశగా వంగి చూశాడు. చూసి, లబోదిబోమన్నాడు.

"కొంప మునిగిందే తాయారూ! మావయ్య ముఖం కనబడాలన్నారు. ఇందులో నా ముఖం కనబడుతోంది!"

"తప్పుకోండి, నే చూస్తాను... అయ్యో! ఇప్పుడు నా ముఖమండీ!"

"నాకు నేనే కనబడుతున్నాను" అని నూకరాజు బావురుమన్నాడు. "దీనికి మావయ్యంటే అసలు లెక్కలేదు!"

తాతబ్బాయి రోడ్డు మీదే కూలబడ్డాడు. ఇంత చేసీ చేతిదాకా వచ్చిన స్టీరింగ్ జారిపోతుంటే ఎవరికి మాత్రం దుఃఖం రాదు! మొగుడి ఏడుపు చూడలేక మంగతాయారు ఇంట్లోకి పరిగెత్తింది. హాల్లో గోడకున్న మావయ్య ఫొటో, ఫ్రేముతో సహా తెచ్చింది.

"ఇది పెడితే కనబడరూ?"

"ఆరేదాకా ముట్టుకోకూడదు కదా?"

"ముట్టుకోకూడనిది మనమండీ. ఫొటోకి ఎవరూ చెప్పలేదు."

అంతే. ఫొటో డ్యాష్‌బోర్డు నడిమధ్యకెక్కింది. రోడ్డు వైపు తిప్పారు, వస్తూనే ఆయనకి కనబడాలని. బోసిగా ఉందని మంగతాయారు బొట్టు పెట్టింది. పెద్దమనిషి కదా అని నూకరాజు బంతిపూల దండ వేశాడు. పాలిష్ వాసన పోవాలని తాతబ్బాయి రెండు అగరుబత్తీలు వెలిగించాడు.

సరిగ్గా అప్పుడే టౌను బస్సు వచ్చి, అడ్డంగా ఉన్న కారు ముందు ఆగి, హారను మోగించింది. "కారు తియ్యండయ్యా!" అని డ్రైవరు అరిచాడు.

"ముట్టుకోకూడదండీ, ఆరాలి" అన్నాడు తాతబ్బాయి వినయంగా.

బస్సులో వాళ్ళు దిగారు. ఇళ్ళలో వాళ్ళొచ్చారు. కారు చూశారు, దండ చూశారు, దుమ్ము కొట్టుకుపోయి కళ్ళు ఎర్రబడ్డ ముగ్గుర్నీ చూశారు. ఎదురింటి సూరమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో కొండలరావూ! కాశీలో పోయావా నాయనా! పుణ్యాత్ముడివి!"

తాతబ్బాయి అదిరిపడ్డాడు. "మావయ్య పోయారా? మాకెవరూ చెప్పలేదే!" అని ఘొల్లుమన్నాడు. అన్న ఏడుపు చూసి తమ్ముడు, ఇద్దర్నీ చూసి మంగతాయారు. ఊరంతా అందుకుంది. బస్సు డ్రైవరు కూడా హారను ఆపి తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

ఇంతలో బస్సు వెనక తలుపులోంచి గంగచెంబు పట్టుకుని ఒకాయన దిగాడు.

"ఎవర్రా పోయింది?"

"మీరేనండీ మావయ్యా!" అన్నాడు తాతబ్బాయి ఆయన భుజం మీద పడి ఏడుస్తూ. "మంచి మనిషండీ!"

"ఒరేయ్ వెధవా! నేను బతికే ఉన్నాన్రా!"

"ఊరంతా అలా అంటోందండీ. ఇంతమంది అబద్ధమాడతారా?" అన్నాడు నూకరాజు.

కొండలరావుగారు ఫొటో దగ్గరికెళ్ళారు. దండ లాగేశారు, బత్తీలు ఆర్పేశారు. తిట్టడానికి నోరు తెరిచి, డ్యాష్‌బోర్డు మీదికి వంగి, తెరిచిన నోరు అలాగే ఉంచేశారు. కిందా పైనా చూసుకున్నారు. మీసం దువ్వుకున్నారు.

"ఒరేయ్! నిజంగానే నా ముఖం కనబడుతోందిరా!"

"మీకు కనబడ్డారా అండీ?" తాతబ్బాయి ఆయన పక్కనుంచి తొంగిచూశాడు. "మాకెవరికీ కనబడలేదండీ."

మావయ్య నవ్వు ఆపుకోలేకపోయారు. కాశీ వెళ్ళొచ్చిన మనసు, మెత్తబడి ఉంది. పక్క సీట్లోకెక్కి, "సరేలేరా. మాటంటే మాటే. కూర్చో, స్టీరింగ్ నీదే. ముందు బస్సుకి దారిచ్చి మా ఇంటికి పోనీ" అన్నారు.

తాతబ్బాయికి కళ్ళు చెమర్చాయి. లైసెన్సు తీసి కళ్ళకద్దుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. జన్మలో అంత ఆనందం అతనెరగడు. నూకరాజు రాయి తీసి వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. కారు దిగుడులో పడింది. పడి, జోరందుకుంది.

"ఒరేయ్, స్టీరింగ్ పట్టుకోరా!"

తాతబ్బాయి రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని ఉన్నాడు. "ముట్టుకోకూడదండీ మావయ్యా, ఇంకా ఆరలేదు!"

"బ్రేకు తొక్కు, బ్రేకు!"

"దానికీ రాశామండీ!"

మావయ్య తనే స్టీరింగ్ అందుకోబోయారు. పాలిష్ రాసిన సీటు ఆయన్ని సర్రున జార్చి కిందికి పంపింది. కారు మాత్రం తనకి తెలిసిన దారిన పోయి, దిగుడు చివర బియ్యం మిల్లు వాళ్ళ ఊక కుప్పలో దూరి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తలుపు తోసుకుని ఒక ఊక మూట దిగింది. ఆ మూటకి మీసాలున్నాయి.

తాతబ్బాయి రెండోవైపు దిగాడు. చేతులింకా నెత్తి మీదే ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది. కారు నడిపాడు కదా! అప్పుడు మావయ్య వైపు చూశాడు. ఇన్నాళ్ళూ కనబడాలని తపించిపోయిన ముఖం, ఊకలో అసలు కనబడటం లేదు.

"తమ్ముడూ! మావయ్య ముఖం పోయిందిరా! కర్ర పట్రా, ముందు దుమ్ము దులపాలి!"

నూకరాజు కర్రతో రానే వచ్చాడు. మావయ్య కర్రని చూశారు. పంచె ఎగ్గట్టి రోడ్డు మీదికి పరుగందుకున్నారు. వెనకాల నూకరాజు, వాడి వెనకాల కొత్త పాలిష్ సీసా కావాలని చేతులు ఊపుతూ మంగతాయారు, అందరికంటే వెనక చేతులు నెత్తి మీదే ఉంచుకుని తాతబ్బాయి.

"ఎండలో వద్దు మావయ్యా, మరకలు పడతాయి!" అని గొంతు చించుకుంటున్నాడు. "నీడలోకి పరిగెత్తండి, నీడలోకి!"