తోకచుక్క ఎవరి ఇంటి మీద?

పూర్వం ఒక రాజ్యంలో సందెవేళ పడమట తోకచుక్క పొడిచింది. ఆస్థాన జ్యోతిష్కుడు సోమయాజి రాజును కోట బురుజు మీదికి తీసుకెళ్లి, “ప్రభూ! ఈ ధూమకేతువు బుట్టలల్లే నాంచారమ్మ గుడిసె మీదే నిలిచింది. గుడిసె కూల్చకపోతే రాజ్యానికి అరిష్టం!” అన్నాడు. ఆ స్థలం మీద ఆయనకు ఎప్పటినుంచో కన్నుంది.

మర్నాటి సందెకు రాజు సోమయాజినీ భటులనూ వెంటబెట్టుకుని గుడిసె దగ్గరికి వచ్చి, బురుజు మీంచి చూసిన సంగతి చెప్పి, గుడిసె కూల్చాలన్నాడు. నాంచారమ్మ పడమటికి చూసి ధైర్యం తెచ్చుకుంది.

“దొరా, ఒక్కసారి నా వాకిట్లో నిలబడి చూడండి.”

రాజు చూశాడు. తోకచుక్క సరిగ్గా సోమయాజి మేడ మీద వెలుగుతోంది!

“బురుజు మీంచి చూస్తే నా గుడిసె, ఇక్కణ్ణించి చూస్తే అయ్యగారి మేడ. ముందు ఏది కూలుస్తారు దొరా?”

సోమయాజి గతుక్కుమన్నాడు. “ధూమకేతువు... ఎంతో దూరాన ఉంటుంది ప్రభూ. ఏ ఇంటికీ సంబంధం లేదు” అని నీళ్లు నమిలాడు.

రాజు పకపకా నవ్వి ఆ స్థలాన్ని నాంచారమ్మకే రాసిచ్చాడు. అప్పట్నుంచి సోమయాజి ఆకాశం గురించి చెప్పేటప్పుడు నేల మీది వాళ్ల పేరెత్తితే ఒట్టు!