లాగితే బిగిసే ఉడుము

అనగనగా అంటే ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే కథ దారిలోనే కూలబడుతుంది, మళ్ళీ లేపడం నావల్ల కాదు. ఊఁ... ఆ, అలాగ.

అనగనగా ఒక రాజు. ఆయన ఏలే రాజ్యం కురువంక. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పితే గాలి కూడా పక్కకు తప్పుకునేది. రెండోవాడు గుర్రమెక్కితే దుమ్ము తప్ప మనిషి కనపడేవాడు కాదు. మూడోవాడు కేతనుడు. వాడికి కత్తీ అంతంతే, గుర్రమూ అంతంతే. వాడికున్నదల్లా మొండితనం.

ఎంత మొండితనమనుకున్నారు? చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకున్నాడంటే ఇద్దరు దాసీలు లాగినా వదిలేవాడు కాదు. కొంగైనా చిరగాలి, వాడికి నిద్రైనా రావాలి. ఒకసారి మేనమామ చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "వీడు రాజకుమారుడేమిటే అక్కా, ఉడుము!" అన్నాడు. అంతే, ఆ పేరు వాడికి అతుక్కుపోయింది. ఉడుమంటే తెలుసుగా? బల్లికి పెద్దన్న. పట్టుకుందంటే వదలదు. అందుకే ఉడుంపట్టు అంటారు.

ఆ మేనమామకు ఒక కూతురు, చెంగల్వ. కేతనుడికి వరసకు మరదలు. "ఉడుం బావా, ఉడుం బావా" అని ఆ పిల్ల ఏడిపించేది, వీడు వెంటపడేవాడు. పెద్దయ్యాక ఇద్దరికీ పెళ్ళి చెయ్యాలని పెద్దలనుకున్నారు. ఆ పిల్లా అనుకుంది. వీడి సంగతి చెప్పేదేముంది, ఊహ తెలిసినప్పుడే అనేసుకున్నాడు.

ఇంతలో వచ్చాడమ్మా జంబీరుడనే మాంత్రికుడు! నిమ్మకాయలమ్మేవాడి వేషంలో వచ్చి చెంగల్వ చేతిలో ఒక నిమ్మపండు పెట్టాడు. పాపం, ఆ పిల్ల వాసన చూసింది. సుడిగాలి లేచింది. గాలి తగ్గేసరికి పిల్లా లేదు, నిమ్మపండూ లేదు. ఏడు సముద్రాల అవతల కోటలో, నున్నటి గోపురం మీద కూర్చోబెట్టేశాడు దుర్మార్గుడు.

"నన్ను పెళ్ళాడు" అన్నాడు జంబీరుడు.

"నోము పట్టాను. నేను నాటిన మల్లెతీగ పూసేదాకా పెళ్ళి మాట ఎత్తకూడదు" అంది చెంగల్వ. అని, రోజూ పొద్దున్నే వాడు లేవకముందే మొగ్గలన్నీ గిల్లి పారేసేది. తెలివైన పిల్ల!

ఇక్కడ కురువంకలో పెద్దకొడుకు బయల్దేరాడు. సముద్రం దారివ్వకపోతే కెరటాలను కత్తితో నరికాడు. కెరటాన్ని నరికితే ఏమవుతుంది? ఇంకో కెరటం వస్తుంది. తుప్పు పట్టిన కత్తితో ఇంటికొచ్చాడు. రెండోకొడుకు బయల్దేరాడు. గుర్రం ఒడ్డు దాకా వెళ్ళి, నీళ్ళు వాసన చూసి, వెనక్కి తిరిగింది. దాంతోపాటే ఆయనా తిరిగాడు.

అప్పుడు కేతనుడు లేచాడు. "పెద్దవాళ్ళ వల్లే కాలేదు, నువ్వెక్కడరా నాయనా?" అన్నాడు రాజు.

"వెళ్తానని పట్టుకున్నాను నాన్నగారూ. ఇక వదలను" అన్నాడు వాడు. రాజుకు కొడుకు సంగతి తెలుసు. చద్దిమూట కట్టించాడు.

పోయాడు, పోయాడు, పోయాడు. సముద్రపు ఒడ్డున ఒక రాళ్ళగుట్ట వచ్చింది. ఆ గుట్ట మీద మూడు ఉడుములు కొట్టుకు చస్తున్నాయి.

మొదటిది ఏనుగు ఉడుము. పేరుకు తగ్గట్టే ఉంది, పడవంత ఒళ్ళు. రెండోది నీటి ఉడుము. ఒంటి నిండా పసుపు చుక్కలు, తెడ్డులాంటి తోక. మూడోది రాతి ఉడుము. అది మన గుట్టల్లో కనపడేదే, మూరెడు ఒళ్ళు, మూరెడు తోక, మట్టి రంగు. దాన్ని చూసి తక్కిన రెండూ నవ్వుతున్నాయి.

"ఏమిటి మామా గొడవ?" అన్నాడు కేతనుడు.

"మా ముగ్గురిలో ఎవరు బలవంతులో తేల్చాలి" అంది ఏనుగు ఉడుము. "మనిషివి, తీర్పు చెప్పు. శత్రువు వస్తే నేనేం చేస్తానో తెలుసా? ఒళ్ళు ఉబ్బించి బుస్సుమంటాను. అప్పటికీ పోకపోతే తోకతో ఒక్కటిస్తాను, దున్నపోతు కాళ్ళు విరగాలి. అప్పటికీ పోకపోతే కరుస్తాను. నా ఎంగిలి తగిలినవాడు మళ్ళీ కోలుకున్నట్టు ఎవరూ చెప్పుకోలేదు."

"అదంతా ఒళ్ళు నొప్పుల పని" అంది నీటి ఉడుము. "శత్రువు వస్తే బుడుంగున మునుగుతాను. వాడు ఒడ్డున కూర్చుని కూర్చుని విసుగెత్తి పోతాడు. నేను అవతలి ఒడ్డున తేలతాను. దెబ్బ తగలకుండా బతకడమే బలం."

"మరి నువ్వో మామా?" అన్నాడు కేతనుడు రాతి ఉడుముతో.

"నేను పగుల్లో దూరి, పొట్ట ఉబ్బించి, గోళ్ళు దించి పట్టుకుంటాను" అంది అది.

"పట్టుకుని?"

"పట్టుకుని ఏముంది? పట్టుకునే ఉంటాను."

తక్కిన రెండూ పడీ పడీ నవ్వాయి. కేతనుడు మాత్రం నవ్వలేదు. ఆ మాట వాడికెక్కడో తగిలింది.

"మాటలు విని తీర్పు చెప్పేవాణ్ణి కాదు మామా. నాతో జంబీరుడి కోటకు రండి, చేసి చూపించండి. మా చెంగల్వ ఇంటికి చేరిన రోజున తీర్పు చెప్తాను" అన్నాడు. సరేనన్నాయి. ఏనుగు ఉడుము మాత్రం, "ముందు ఎండ కాగాలి. ఎండ కాగనిదే ఉడుము కదలదు, అది మా కులాచారం" అంది. మూడూ బండ మీద బోర్లా పడుకున్నాయి. కేతనుడూ పక్కనే పడుకున్నాడు, ఏం చేస్తాడు మరి?

ఎండ కాగాక నీటి ఉడుము మీదెక్కారు కేతనుడూ, రాతి ఉడుమూ, పక్కన ఈదుకుంటూ ఏనుగు ఉడుము. ఉప్పు సముద్రం దాటారు, చెరకు సముద్రం దాటారు, కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు, నెయ్యి సముద్రం జారుతూ దాటారు, పెరుగు సముద్రంలో చద్ది కలుపుకుని తిని దాటారు, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం కూడా దాటారు. దారిలో సొరచేపలొచ్చినప్పుడల్లా నీటి ఉడుము బుడుంగుమనేది, కేతనుడు ముక్కూ నోరూ మూసుకునేవాడు. దానికి ఒక్క దెబ్బ తగల్లేదు. వీడికి మాత్రం చెవుల నిండా నీళ్ళు.

కోట వాకిట్లో ఇనప పళ్ళ తోడేళ్ళు మూడు. ఏనుగు ఉడుము ముందుకొచ్చింది. ఒళ్ళు ఉబ్బించింది, బుస్సుమంది. మొదటి తోడేలు దాని మీదికి దూకింది. ఛెళ్ళుమని తోక! తోడేలు వెళ్ళి అగడ్తలో పడింది. రెండోది దూకింది. ఉడుము దాని కాలు పట్టి కొరికింది, అది కుయ్యోమంటూ చీకటి మూలకు దేకింది. ఇక మూడోదానికి ఉన్నట్టుండి ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది.

"చూశావా అబ్బాయీ? నా తోక దెబ్బంటే ఏమనుకున్..." అంటూ ఏనుగు ఉడుము మాట మధ్యలోనే ఆగిపోయింది. లోపల హోమం దగ్గరున్న జంబీరుడు గోల విని ఒక నిమ్మకాయ పిండాడు. కోట మీద తెల్లగా మంచు దిగింది. ఎముకలు కొరికే చలి! ఎండ లేని ఉడుము దుంగతో సమానం. ఏనుగు ఉడుము నోరు తెరిచింది తెరిచినట్టే బిగిసిపోయింది. నీటి ఉడుము అగడ్తలో మునగబోయి తోక పైకెత్తింది ఎత్తినట్టే బిగిసిపోయింది.

వచ్చినవాళ్ళంతా కొయ్యబారారనుకుని మాంత్రికుడు బయటికి తొంగి చూడలేదు. వాడి తొందర వాడిది. ఆ రోజే మల్లెతీగ మీద మంత్రజలం చల్లాడు, తీగంతా ఒక్కసారి విరగబూసింది. చెంగల్వ ఎన్నని గిల్లుతుంది పాపం? "నీ నోము తీరింది, తలపాగా చుట్టుకొస్తాను" అని కిందికి దిగాడు పెళ్ళికొడుకు.

కేతనుడు పళ్ళు టకటకలాడిస్తూ నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి, వాకిట్లో ఆగిపోవడమా! అప్పుడు వాడి ఉత్తరీయం కింద ఏదో కదిలింది. రాతి ఉడుము! దారంతా వాడి పొట్టకు కరుచుకుని, వాడి ఒంటి వేడితోనే వెచ్చగా ఉంది.

"తాడు కట్టు" అంది.

అగడ్త గట్టున పడున్న తాడు తీసి ఉడుము నడుముకు కట్టాడు. అద్దంలాంటి గోపురం మీద ఉడుము సరసరా పాకింది, పైన కిటికీ రాతిలో గోళ్ళు దించింది. తాడు పట్టుకుని కేతనుడు పైకి వెళ్ళాడు. కిటికీలోంచి లోపలికి దూకాడు. ఎదురుగా చెంగల్వ!

"బావా! ఉడుం బావా!" అంది ఆ పిల్ల. నవ్విందా, ఏడ్చిందా అంటే రెండూ చేసింది.

"పద, పద" అని కేతనుడు ఉడుమును రాతిమీంచి ఊడదీద్దామని లాగాడు. రాలేదు. ఇంకా లాగాడు. ఇంకా బిగిసింది. కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు.

"లాగకు బావా!" అంది చెంగల్వ. "చిన్నప్పటి నీ సంగతి మర్చిపోయావా? ఉడుమును లాగితే బిగుస్తుంది. చెయ్యి తీసేస్తే అదే వస్తుంది."

చెయ్యి తీశాడు. ఉడుము గోళ్ళు విప్పుకుని, బుద్ధిగా నేల మీదికి దిగింది. కేతనుడికి సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగి వదలమంటే వదలనివాడు, లాగకూడదన్న ముక్క ఇప్పుడు నేర్చుకున్నాడు.

గదిలో ఒక పంజరం, అందులో చిలక. "వాడి ప్రాణం ఈ చిలక తోకలో ఎర్ర ఈకలో ఉంది. కబుర్లు చెప్పి రాబట్టాను" అంది చెంగల్వ. కేతనుడు చెయ్యి చాచాడు. "ముట్టుకోకు! వాడి చెయ్యి తప్ప ఏ మనిషి చెయ్యి తగిలినా బూడిదే."

"నాకు చెయ్యెక్కడుంది? నావి కాళ్ళు" అంది రాతి ఉడుము. పంజరం కిందికి పాకి, ఊచల్లోంచి మూతి దూర్చి, ఎర్ర ఈకను పళ్ళతో పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే తలపాగా సర్దుకుంటూ వచ్చాడు జంబీరుడు. చూశాడు. పంజరం తలుపు తీసి చిలకను రెండు చేతులా పట్టుకున్నాడు.

"మాంత్రికుడా, లాగకు!" అన్నాడు కేతనుడు. మోసం తెలియని పిల్లాడు, ఉన్నమాటే చెప్పాడు. "లాగితే అది వదలదు. చెయ్యి తియ్యి."

"నువ్వురా నాకు చెప్పేది! పిల్లకాకివి!" అని లాగాడు జంబీరుడు. ఉడుము కళ్ళు మూసుకుంది.

"లాగకు మాంత్రికుడా!"

ఇంకా గట్టిగా లాగాడు. ఉడుము పొట్ట ఉబ్బించి, గోళ్ళు నేలలోకి దించింది.

"లాగద్దంటున్నానా!"

కాలు గోడకు తన్నిపెట్టి, పళ్ళు కొరికి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. ఠప్పుమని ఈక ఊడింది. జంబీరుడు వెనక్కి పడ్డాడు. పడినచోట మనిషి లేడు, తలపాగా, పిడికెడు నిమ్మగింజలు ఉన్నాయి. వాణ్ణి ఎవరూ చంపలేదమ్మా. వాడే లాక్కుని పోయాడు.

"అమ్మయ్య! ఆ ఈక ఎంత బరువనుకున్నారు!" అంది చిలక తోక దులుపుకుంటూ.

మంచు విడిపోయింది. ఎండ వచ్చింది. కింద, "...నావు!" అని మాట పూర్తిచేసింది ఏనుగు ఉడుము.

ఏడు సముద్రాలూ మళ్ళీ దాటి, చెంగల్వను ఇంటికి చేర్చారు. "ఇప్పుడు తీర్పు చెప్పు" అన్నాయి పెద్ద ఉడుములు రెండూ.

"తోడేళ్ళ ముందు ఏనుగు మామది బలం. సొరచేపల ముందు నీటి మామది బలం. అబద్ధమాడను" అన్నాడు కేతనుడు. "కానీ మీ బలాలకు ఎండ కావాలి, నీళ్ళు కావాలి. ఈ చిన్నమామకు పట్టుకోవడానికి కాస్త చోటుంటే చాలు. నా ఓటు ఆయనకే."

ఏనుగు ఉడుము కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత, "సరేలే, మనవాడే కదా" అంది. రాతి ఉడుముకు ఇవేం పట్టలేదు. "తీర్పు సంగతి తర్వాత. ఇంట్లో కోడిగుడ్లున్నాయా?" అంది. బుట్టెడు పెట్టించారు.

పెళ్ళి పందిట్లో పురోహితుడు కేతనుడి చేతిలో చెంగల్వ చెయ్యి పెట్టి మంత్రాలు చదివాడు. చదవడం అయింది. "ఇక వదులు నాయనా, తలంబ్రాలు పొయ్యాలి" అన్నాడు. కేతనుడు వదల్లేదు. పెద్దన్న చెప్పాడు, వదల్లేదు. రెండో అన్న వచ్చి చెయ్యి పట్టి లాగాడు. బిగించాడు. పందిరంతా గొల్లుమంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మరి రాజు చెప్పినా వింటాడా?

అందరూ చెంగల్వ వైపు చూశారు, నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు. దారి తెలిసింది ఆ పిల్ల ఒక్కదానికేగా! లాగకుండా ఊరుకుంటే తనే వదులుతాడు.

చెంగల్వ తల వంచుకుని, తనే వాడి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"తలంబ్రాలు ఒంటిచేత్తో పోసుకుంటాం లెండి" అంది.

అలాగే పోసుకున్నారు. అలాగే చాలాకాలం రాజ్యమేలారు. ఉడుమేమో కన్నంలోకి, మీరేమో అన్నంలోకి. లేవండి లేవండి, కంచాలు పెట్టుకోండి.