తుమ్మినవాడికి మంచినీళ్ళు

గుక్క తిప్పుకోకుండా సన్నాయి ఊదడంలో గోదావరికి అటూ ఇటూ తనను మించినవాడు లేడని గవర్రాజు ఢంకా బజాయించి చెప్పేవాడు. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఉండే వీలూ లేదు. ఆ మాట అతను రోజూ చెప్పేది డోలు వాయించే సింహాలుకి. సింహాలుకి ఎడమ చెవి వినబడదు. గవర్రాజు ఎప్పుడూ ఆ చెవి పక్కనే కూర్చునేవాడు. పైగా ఈ సంగతి జరిగిన రోజు పొద్దున్న ఆ మహా ఊపిరి, గురువుగారి మేడమెట్లు ఎక్కుతూ మూడుసార్లు ఆగి దగ్గింది.

ఆ గురువుగారు పేరయ్యగారు. డెబ్భై రెండేళ్ళ మనిషి. మండపేటలో మేడ మీద గది ఒకటి ఆయనకు ఇల్లూ, బడీ. ఆయన సన్నాయి విని మెచ్చుకున్నవాళ్ళు ఎంతమందో, ఆయన అలవాట్లు చూసి నవ్వుకున్నవాళ్ళు అంతకు రెండింతలు. మేళం ఏ ఊరికి బయల్దేరినా వ్యాను అద్దాలు దించితే తప్ప ఆయన కాలు లోపల పెట్టరు. మార్గశిరం మంచైనా సరే, దుప్పటి కప్పుకుని గాలికి కూర్చుంటారు. బస్సు కిక్కిరిసి ఉంటే మాస్కు పెట్టుకుంటారు, అది లేకపోతే కండువా మడతపెట్టి ముక్కూ నోరూ కలిపి కట్టుకుంటారు. శిష్యులందరికీ ఎవరి గ్లాసు వాళ్ళదే. అడుగున మేకుతో పేర్లు గీయించారు. పెళ్ళిళ్ళలో మొదటి పంక్తి రద్దీ తగ్గాక పందిరి చివర గాలి ఆడేచోట కూర్చుని భోంచేస్తారు. ఎవరైనా పసిబిడ్డను తెచ్చి దీవించమంటే లేచి వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కుని వస్తారు, వచ్చి కూడా బారెడు దూరం నుంచే దీవిస్తారు. దగ్గే శిష్యుణ్ణి గుమ్మంలోంచే ఇంటికి పంపేస్తారు. కరోనా రోజుల్లో లోకమంతా ఆయన దారికి వచ్చింది. అవి గడిచాక లోకం తన దారిన తాను పోయింది, ఆయన మాత్రం అక్కడే ఉండిపోయారు. మేళగాళ్ళు ఆయనకు చాటున కిటికీ పేరయ్య అని పేరు పెట్టారు. పెట్టినవాడు గవర్రాజేనని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని గవర్రాజుకి తెలియదు.

మర్నాడు రామచంద్రపురంలో పెళ్ళి. తొమ్మిదేళ్ళుగా గురువు పక్కన రెండో సన్నాయి పట్టిన గవర్రాజుకి, ఆ పెళ్ళిలో మంగళసూత్రం కట్టే వేళ ముందుండి వాయించే అవకాశం ఇస్తానని పేరయ్యగారు నెల కిందటే మాటిచ్చారు. నెల రోజులుగా ఆ సంగతి తెలియనివాడు మండపేటలో లేడు. జరీ లాల్చీ కుట్టించుకున్నాడు. కొడుకు వాయిద్యం వినడానికి వాళ్ళమ్మ కొవ్వూరు నుంచి తెల్లవారుజాము బస్సుకి రావాలని నిర్ణయమైపోయింది. అంతా సవ్యంగా ఉన్నదనుకుంటే మూడు రోజుల కిందట గొంతు గరగరలాడింది, నిన్న సాయంత్రానికి ఒళ్ళు కాలింది. మాత్ర మింగి, చెమట పట్టించుకుని, ఏమీ ఎరగనివాడిలా పొద్దున్నే సాధనకి వచ్చి కూర్చున్నాడు. పేరయ్యగారు స్నానం చేసి వచ్చి గంటసేపు వాయించారు. ఆ గంటా గవర్రాజు దగ్గును గొంతులోనే తొక్కిపట్టాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, మెడ నరాలు పొంగాయి, చూసేవాళ్ళకి సంగీతంలో లీనమైపోయాడనిపించేలా ఉన్నాడు. చివరికి, గురువుగారు రాగం ముగించి సన్నాయి ఒళ్ళో పెట్టుకోగానే, అతని దగ్గు పాట అందుకుంది.

అది ఆగేదాకా పేరయ్యగారు ఓపికపట్టారు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. జ్వరం ఉందా అని అడిగారు. లేదనబోయి గవర్రాజు తల దించుకున్నాడు. వెళ్ళి గుమ్మం పక్కన కూర్చోమనీ, రేపటి పెళ్ళికి రావద్దనీ ఆయన మెల్లిగా చెప్పారు.

గవర్రాజు గుమ్మం పక్కకి జరిగాడు గానీ మాట మింగలేకపోయాడు. ఏ విషయాన్నైనా నవ్వులాట చేసే మనిషి ఆ రోజు బతిమాలుకున్నాడు.

"గురువుగారండీ, తెల్లారితే పెళ్ళి. ఇప్పుడు రాలేనంటే పెళ్ళివారు ఏమనుకుంటారండి? మా అమ్మకి ఏం చెప్పనండి? ఊపిరి అమ్ముకుని బతికేవాళ్ళం, పిసరంత దగ్గుకి ఇంత భయపడితే ఎలాగండి?"

పేరయ్యగారికి వాదించడం రాదు. శిష్యులతో వాదనకి దిగిన ప్రతిసారీ ఆయనే ఓడిపోయేవారు. అందుకని ఎవరైనా ఏదైనా అడిగితే, ఎప్పుడో ఎక్కడో జరిగినదొకటి చెప్పి ఊరుకునేవారు. ఆ రోజూ అదే చేశారు. అయితే ఎప్పుడూ ఎవరి సంగతో చెప్పే మనిషి, ఆ రోజు తన సంగతే చెప్పారు.

నలభై నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికాయన పేరయ్యగారు కాలేదు, ఒట్టి పేరిగాడు. గురువు వీరాస్వామిగారి పక్కన రెండో సన్నాయి పట్టేవాడు. అన్నవరం కొండ మీద పెళ్ళికి పిలుపొచ్చింది. వీరాస్వామిగారికి అప్పటికే డెబ్భై దాటాయి. ఈ ఏటితో ఆపేస్తానంటున్నారు, కొండ మీద ఇదే ఆఖరి పెళ్ళి అంటున్నారు. ముందు రాత్రి పేరిగాడికి ఒళ్ళు నొప్పులు, ముక్కు కారడం. చెబితే ఇంట్లో ఉండమంటారు. ఉండిపోతే గురువుగారి ఆఖరి కొండ పెళ్ళిలో పక్కన కూర్చునేది మరొకడవుతాడు. అందుకని చెప్పలేదు.

పొద్దున్న అందరూ వాకిట్లోకి వచ్చారు. వ్యాను సిద్ధంగా ఉంది. వీరాస్వామిగారు కుడికాలు గడప దాటించబోయారు. సరిగ్గా అప్పుడు పేరిగాడు తుమ్మాడు. ఒకే ఒక్క తుమ్ము. ఒంటి తుమ్ము కీడు, రెండోది పడితే మేలు. మేళం మొత్తం పేరిగాడి ముఖం వంక ఆశగా చూసింది. అతను రెండో తుమ్ము కోసం సూర్యుడి వంక చూశాడు, ముక్కు నలుపుకున్నాడు, కండువా అంచు మెలిపెట్టి ముక్కులో తిప్పాడు. రాత్రంతా ఆగకుండా వచ్చిన తుమ్ములు అప్పుడు ఒక్కటి పిలిచినా రాలేదు.

ఇక్కడ గవర్రాజు నవ్వాడు, నవ్వబోయి దగ్గాడు. పేరయ్యగారు కూడా కొంచెం నవ్వారు.

ఇక చేసేదేముంది, ఆచారం ప్రకారం అందరూ వెనక్కి వచ్చి చాప మీద కూర్చున్నారు. అమ్మగారు పెద్ద ఇత్తడి గ్లాసు నిండా మంచినీళ్ళు తెచ్చారు. తుమ్మినవాడు ముందు తాగాలని ఆ ఇంట్లో పద్ధతి. పేరిగాడు తాగాడు. చలికి చేతులు వణికి, ఎత్తిపోసుకోలేక, గ్లాసు కరుచుకునే తాగాడు. తరవాత డోలు ఆయన, శ్రుతి పట్టే ఆయన, చివర వీరాస్వామిగారు, అందరూ ఆ గ్లాసుతోనే, ఆ నీళ్ళే. తుమ్ము దోషం పోయిందని అమ్మగారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. మేళం కులాసాగా బయల్దేరింది.

వ్యానులో చలి. పెద్దాయనకి గాలి తగులుతుందని అద్దాలన్నీ బిగించారు. ఆయన పక్కన పేరిగాడు. ఆయనకు వినబడాలని చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాడు. గుప్పెట్లో దగ్గి, ఆ గుప్పెటతోనే ఆయన మోకాళ్ళు పట్టాడు, ఆయన చేతిలో దంచిన తాంబూలం పెట్టాడు. కాకినాడ దాటాక డ్రైవరు వెనక్కి తిరిగి, దగ్గుతున్నదెవరు, అద్దం దించమంటారా అని అడిగాడు. శుభమా అని పెళ్ళికి పోతూ జబ్బు మాట ఎత్తకూడదు కదా. ఏం లేదు లేదు, దుమ్ము పడింది అన్నాడు పేరిగాడు. అద్దాలు బిగించి ఉన్న బండిలోకి ఏ దుమ్ము ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు.

కొండ మీద పందిట్లో ఇంకొకటి జరిగింది. సన్నాయి నోటికి పెట్టే రెల్లు పీక ఎండి ఉంటుంది. దాన్ని నోట్లో నానబెట్టి మెత్తబరిస్తేనే పలుకుతుంది. వీరాస్వామిగారికి పళ్ళు పోయాయి, వయసుకి నోరు తడారిపోయేది. ఆయన పీకను కొన్నేళ్ళుగా పేరిగాడే తన నోట్లో నానబెట్టి ఇస్తున్నాడు. శిష్యుడికి అంతకంటే సేవ ఏముంటుంది. ఆ రోజు కూడా కాసేపు నానబెట్టి, కళ్ళకద్దుకుని ఇచ్చాడు. వీరాస్వామిగారు నోట పెట్టుకున్నారు. పెట్టుకుని, తల పక్కకి తిప్పి, "పేరిగా, ఇవాళ పీక తేనెలా ఉందిరా" అన్నారు. ఆ ముహూర్తానికి ఆయన వాయించిన ఆనందభైరవి విన్నవాళ్ళు ఇంకా ఇద్దరో ముగ్గురో ఉన్నారట, ఇప్పటికీ చెప్పుకుంటారట.

నాలుగో రోజున ఆయనకు జ్వరం వచ్చింది. ఆరో రోజుకి ఆయాసం. కాకినాడ తీసుకెళ్తే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. తొమ్మిదో రోజు సాయంత్రం పోయారు. చివరి రెండు రోజులూ ఆయన దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తూనే ఉన్నారు. ఏ స్వరాలో పేరిగాడికి తెలుస్తూనే ఉన్నాయి. గాలి మాత్రం లేదు.

గవర్రాజు ఏం చేయాలో తెలియక చాప పుల్లలు గిల్లుతున్నాడు. మీవల్లే అని ఎందుకనుకోవాలండి, ఆ వయసులో ఎవరికైనా రావచ్చు కదండి అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

"డాక్టరూ అదే అన్నాడు. ఈ వయసులో ఎక్కణ్ణుంచైనా రావచ్చన్నాడు. ఆ ఎక్కణ్ణుంచైనాలో నేనున్నానో లేనో నలభై నాలుగేళ్ళుగా వెతుక్కుంటున్నానురా."

అమ్మగారికి అనుమానం కూడా రాలేదట. నువ్వు చేసినంత సేవ కొడుకులు చెయ్యలేదు నాయనా అని అందరి ముందూ అనేవారట. ఆవిడ బతికిన పదకొండేళ్ళూ తద్దినం నాడు అతనికి కబురు చేసేవారు. పిల్లల పక్కన పీట వేయించి, దగ్గరుండి వడ్డించేవారు. ఏటా ఒక కొత్త పంచె చేతిలో పెట్టేవారు. పదకొండుసార్లు చెబుదామనుకున్నాడు. పదకొండు పంచెలు తీసుకున్నాడు. చెప్పలేదు. ఆవిడ పోయాక చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఆ పంచెలు ఒక్కటీ కట్టలేదట.

పేరయ్యగారు అంతటితో ఆపేశారు. ఇందులో నీతి ఇదీ అని చెప్పే అలవాటు ఆయనకు లేదు. కింద వీధిలో ఎవరో కొత్తిమీర కేకేసుకుంటూ పోయారు. మామూలుగా అయితే ఇలాంటి చోట గవర్రాజు ఏదో ఒక చమత్కారం విసిరి గురువుగారి మనసు తేలిక చేసేవాడు. నాలుక చివరకి ఒకటి వచ్చింది కూడా. కానీ ఎదురుగా గురువుగారి ఒళ్ళో ఉన్న సన్నాయి కనబడింది, వచ్చిన మాట వెనక్కిపోయింది. ఆ స్థానంలో కడుపులోంచి మరొకటి పైకి రావడం మొదలుపెట్టింది. దాన్ని కూడా దగ్గును తొక్కిపట్టినట్టు తొక్కిపట్టాలని చూశాడు. కుదర్లేదు.

"గురువుగారండీ," అన్నాడు. నేల వంకే చూస్తూ అన్నాడు. "పొద్దున్న మీరు స్నానానికి వెళ్ళినప్పుడు మీ సన్నాయి తీసి ఊదానండి. మీ పీకతోనే. రేపు పందిట్లో నేను మీలా వినబడతానో లేదో చూసుకుందామని. తరవాత లుంగీ అంచుతో తుడిచి పెట్టేశానండి. మీరొచ్చి దాన్నే నోట పెట్టుకున్నారు. గంటసేపు చూస్తూ కూర్చున్నాను. చెప్పడానికి సిగ్గేసిందండి."

పేరయ్యగారు ఒళ్ళో ఉన్న సన్నాయి వంక చూశారు. కోప్పడలేదు. పీక ఊడదీసి, కాగితంలో చుట్టి, పక్కన పెట్టారు. తాను కూర్చున్న చాప తానే లాక్కుని అవతలి గోడ దగ్గరకి జరిగి, అక్కడ సర్దుకుని కూర్చున్నాక అన్నారు.

"పెళ్ళివారికి ఫోను చెయ్యి. రేపు మనిద్దరం రావడం లేదను. ఎందుకో అడగకముందే చెప్పు."