పలక పట్టినవాడు

ఆ పేజీ కింద మేష్టారు సంతకం పెట్టకుండా మూడు రోజులైంది.

మిగతా పేజీలకి ఏ రోజుకారోజు పెట్టారు. సాయంత్రం టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, శిష్యుడి నోటుబుక్కు అందుకుని, ఒక్కో పంక్తీ వేలితో తడుముతూ చదివి, అడుగున పొట్టి సంతకం గీకడం ఆదిమూర్తి మేష్టారికి ముప్పయ్యేళ్ల అలవాటు. ఆ సంతకం పడితేగాని ఆ రోజు జరిగినట్టు కాదు. పైడిరాజు మూడు రోజులుగా నోటుబుక్కు తెరిచి మరీ ఆయన ముందు పెడుతున్నాడు. ఆయన చదువుతున్నారు, మూసి తిరిగి ఇస్తున్నారు.

తిడితే బాగుండునని పైడిరాజుకి ఉంది. మేష్టారు తిట్టరు. అదే వచ్చిన చిక్కు.

వాళ్లున్నది భూగోళానికి అట్టడుగున, దక్షిణ ధ్రువం వైపు కొండల్లో. సాయంత్రం అన్నమాట వాచీ చూసి అనుకోవడమే. అక్కడి వేసవిలో సూర్యుడు అస్తమించడు, గానుగెద్దులా ఆకాశం చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. చుట్టూ మంచు, మధ్యలో ఒక నల్లటి మెట్ల కొండ. దాని కిందుగా రెండు గుడారాలు. గుడారాల పక్కన మంచు మీద లాగే ఒక స్లెడ్జి బండి మీద టార్పాలిన్‌లో చుట్టి, తాళ్లతో కట్టిన స్టాన్జిన్. గాలి తగ్గితే చిన్న విమానం వచ్చి ముగ్గురినీ తీసుకెళ్లాలి. గాలి తగ్గడం లేదు.

స్టాన్జిన్‌ది హిమాలయాల్లో జంస్కార్ లోయ. తాళ్లు కట్టడం, రాళ్లు కొట్టే చదువుకున్నవాళ్లు కిందపడకుండా చూడటం అతని ఉద్యోగం. మేష్టారి ఆవకాయ మొదటిసారి తిన్నప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుని, తుడుచుకుని, ఇంకొంచెం వెయ్యమన్నాడు. మా ఊళ్లో రాళ్లు ఊరికే దొరుకుతాయి, ఇంత దూరం ఎందుకొచ్చారు భాయ్ అని నవ్వేవాడు. నెల రోజుల్లో నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్నాడు. అన్నం, నీళ్లు, తాడు, పలక.

ఆ పలక సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథలో ఏమీ తెలియదు.

ఆ కొండంతా ఒకప్పటి లావా. పద్దెనిమిది కోట్ల ఏళ్ల కిందట నేల పగిలి, పొంగి, పరుచుకుని, చల్లారి, మళ్లీ పొంగి, అట్టు మీద అట్టు పోసినట్టు పొర మీద పొర పడింది. అప్పుడక్కడ మంచు లేదు, అడవులుండేవి. పొరకీ పొరకీ మధ్య మాడిపోయిన చెట్ల మోడులు ఇప్పటికీ కనిపిస్తాయి. చల్లారేటప్పుడు లావాలోని ఇనుప రేణువులు ఆనాటి ఉత్తరం వైపు తిరిగి అలాగే బిగుసుకుపోతాయి. ఆ నేల అప్పుడు భూమ్మీద ఎక్కడుందో, ఉత్తరం ఎటుందో ఆ రాయి చెబుతుంది. కాని ఒక షరతు. రాయి కొండలో ఎటు తిరిగి కూర్చుందో దాని మీద గుర్తు గీసుకుని, ఆ తర్వాతే సుత్తి వెయ్యాలి. గుర్తు లేకుండా ఊడొచ్చిన రాయి ఎంత మంచిదైనా పచ్చడి నూరుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ధ్రువం దగ్గర దిక్సూచి తాగినవాడిలా తిరుగుతుంది. అందుకని సూర్యుణ్ణే అడగాలి. ఒక పలక, దాని మధ్య నిలువుగా ఒక పుల్ల. పలకని రాయి మీద మట్టంగా పట్టుకుంటే పుల్ల నీడ పడుతుంది. నీడ ఏ అంకె మీద పడిందో, అప్పుడు టైమెంతో రాసుకుంటే దిక్కు లెక్క కట్టొచ్చు. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పలక కదలకుండా పట్టాలి, ఒకరు చూసి రాయాలి. నోటుబుక్కులో దానికో గడి కూడా ఉంది. పలక పట్టినవారు.

పైడిరాజుకి అన్ని పొరల రాళ్లూ ఉన్నాయి, పద్నాలుగోది తప్ప. పదమూడు దాకా రాళ్లు ఒక ఉత్తరాన్ని చూపిస్తాయని, పదిహేను నుంచి పైవి దానికి సరిగ్గా ఎదురు దిక్కు చూపిస్తాయని కిందటి రెండేళ్లలో తేలింది. భూమి అయస్కాంతపు ఉత్తరం తలకిందులైంది ఆ పద్నాలుగో పొర కాలంలోనే. నాలుగేళ్ల థీసిస్ ఆ ఒక్క రాయి దగ్గర ఆగి ఉంది.

ఆ రాయి ఇప్పుడు అతని దగ్గరుంది. దాని మీద గుర్తు ఉంది. నోటుబుక్కులో నీడ అంకె ఉంది, టైము ఉంది, పలక పట్టినవారి పేరుంది. లేనిది మేష్టారి సంతకం ఒక్కటే.

రెండో రోజు ఉండబట్టలేక అడిగాడు. విమానం వచ్చేలోగా పెడతానన్నారు మేష్టారు. అని, పార తీసుకుని బయటికి వెళ్లి స్లెడ్జి మీద పేరుకున్న మంచు తీశారు. పొద్దునా సాయంత్రం ఆయన ఆ పని చేస్తున్నారు. శిష్యుణ్ణి రమ్మనడం లేదు.

మూడో రోజు పైడిరాజు తెగించాడు. ఆ కొండ మొహం కూలిపోయింది, మళ్లీ వెళ్లి ఇంకో రాయి తెచ్చే దారి లేదు. ఇక మిగిలింది ఇదొక్కటేనని చెప్పాడు.

"ఈ రాయి కోసం పోయాడు మేష్టారూ. ఇది కూడా దేనికీ కాకుండా పోతే, వాళ్లావిడకి నేనేం చెప్పను?"

మేష్టారు కిరసనాయిలు స్టవ్వుకి గాలి కొడుతున్నారు. కొట్టడం ఆపలేదు. టీ మరిగాక ఒక గ్లాసు అతనికిచ్చి, తన గ్లాసు పూర్తిగా తాగి, అప్పుడు తన పెట్టెలోంచి వైర్‌లెస్ పుస్తకం తీశారు. కొండ మీద ఎవరున్నా గుడారంలో ఉన్నవాళ్లు రోజంతా ఆ పుస్తకం రాయాలి. వచ్చిన పిలుపులు, మబ్బు, గాలి. ఆ రోజు గుడారంలో ఉన్నది మేష్టారే.

చావు రిపోర్టు విమానంలో పంపాలన్నారు. రెండు పుస్తకాల్లో ఆ రోజు రాసినవన్నీ టైము ప్రకారం వరసగా ఒక కాగితం మీద ఎత్తి రాయాలి. నీ రాత బాగుంటుంది, నువ్వే రాయమన్నారు.

పైడిరాజు కాగితం తీసుకున్నాడు. మేష్టారు లేవబోయి ఆగి, జేబులోంచి పొడుం డబ్బా తీశారు.

ఆ డబ్బాలో పొడుం ఉండదని ఆయన శిష్యులందరికీ తెలుసు. కొండకి వచ్చిన మొదటిరోజే అందరి పెన్సిళ్ల వెనక రబ్బరు చాకుతో కోసి అందులో వేసుకుంటారు. ఆ చలికి సిరా గడ్డకడుతుంది గనక రాసేది పెన్సిల్‌తోనే. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి. కొట్టేసింది కూడా చదవడానికి కనపడాలి. ఈ చాదస్తం మీద డిపార్ట్‌మెంట్‌లో బోలెడు జోకులున్నాయి. అందులో రెండు పైడిరాజు కట్టినవే.

మేష్టారు ఒక రబ్బరు ముక్క ఏరి కాగితం పక్కన పెట్టారు.

"నీ పెన్సిల్‌దే. రెండు పుస్తకాలూ పెన్సిల్ రాతే," అన్నారు. పార తీసుకుని బయటికి వెళ్లిపోయారు.

ఎందుకు పెట్టారో పైడిరాజుకి అర్థం కాలేదు. రాయడం మొదలుపెట్టాడు.

పొద్దున ఎనిమిదికి బయలుదేరినట్టు తన పుస్తకంలో ఉంది, రాశాడు. పది పదిహేనుకి మబ్బు కమ్మినట్టు మేష్టారి పుస్తకంలో ఉంది, రాశాడు. పదిన్నరకి పదమూడో పొర దాటారు. తర్వాతిది మేష్టారి పుస్తకంలోది.

11.07. పైడిరాజు పిలుపు. స్టాన్జిన్ మీద కొండరాయి పడింది.

11.16. మబ్బు విడిచింది. ఎండ.

ఆ ఘడియలో కూడా ఈయన మబ్బు సంగతి రాశారా అని ఒక్క క్షణం పైడిరాజుకి ఒళ్లు మండింది. తన పుస్తకంలోని తర్వాతి పంక్తి ఎత్తి రాయడానికి పెన్సిల్ ఆనించాడు.

11.20. పద్నాలుగో పొర. నీడ 47. పలక పట్టినవారు: స్టాన్జిన్.

పెన్సిల్ ఆగిపోయింది.

ఆ పంక్తి అతను కొండ మీద రాసింది కాదు. ఆ సాయంత్రం గుడారంలో, వేళ్లకి స్పర్శ వచ్చాక కూర్చుని రాసింది. రాయి మీద గుర్తు కూడా అప్పుడే గీశాడు. నీడ పడాలంటే ఎండ కావాలి. ఎండ ఎప్పుడు వచ్చిందా అని గుర్తు చేసుకుంటే పదకొండూ ఇరవై బాగా గుర్తుంది. తాడు పట్టుకుని దిగుతున్నాడు. కింద రాళ్ల మధ్య స్టాన్జిన్ ఎర్ర కోటు మీద ఎండ పడింది. వాచీ చూసుకున్నాడు. ఎందుకు చూసుకున్నాడో తెలియదు. ఆ టైమే పుస్తకంలో వేశాడు.

అప్పటికి పోయినవాడి చేత పలక పట్టించాడు.

రబ్బరు ముక్క ఎందుకో అప్పుడు తెలిసింది.

చేతిలోకి తీసుకున్నాడు. చలికి రాయిలా గట్టిపడి ఉంది. టైము ఆ పిలుపు కంటే ముందుకి జరపాలంటే పదకొండింటికి ఎండ ఉండాలి, మేష్టారి పుస్తకంలో మబ్బు చెరపాలి. టైము అలాగే ఉంచాలంటే స్టాన్జిన్ బతికుండాలి, ఆ పిలుపు చెరపాలి. రెండూ పెన్సిల్ రాతే. అడిగేవాడు లేడు. సంతకం పెట్టాల్సినాయన రబ్బరిచ్చి మరీ బయటికి పోయారు. బయట పార మంచులో దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఏడ్చాడు. మూడు రోజుల్లో ఏడవడం అదే మొదటిసారి.

ఆ రోజు జరిగింది ఇంతే. మబ్బు పట్టింది, నీడ లేదు. దిగిపోయి రేపు వద్దామన్నాడు స్టాన్జిన్. పైడిరాజుకి కాళ్లు మొద్దుబారాయి, ఓపిక అయిపోయింది. రాయి ఎంత గట్టిగా ఉందో చూద్దామని ఊరికే సుత్తితో ఒక దెబ్బ వేశాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది. గుర్తు పెట్టలేదు. మొదటి ఏడాది పిల్లలు కూడా చెయ్యని తప్పు. కింద తాడు పట్టుకున్న స్టాన్జిన్ ప్రతి రాయి దగ్గరా అడిగినట్టే అడిగాడు, పలక పైకి తేవాలా అని. వస్తే ఊడిన రాయి చూస్తాడు, నవ్వుతాడు, రాత్రి అన్నాల దగ్గర మేష్టారికి చెబుతాడు. ఆ సిగ్గుకి పైడిరాజు ఒక మాట అన్నాడు. చల్లారినప్పుడు నిలువునా పగిలి స్తంభాల్లా నిలబడే రాయి అది. ఊడిన రాయి మీద ఆని ఉన్న స్తంభం నాలుగు నిమిషాలకి జారింది. పైడిరాజు పక్కనుంచే వెళ్లింది. కిందున్న మనిషి మీద పడింది.

పలక పట్టడానికి పైకి వచ్చి ఉంటే స్టాన్జిన్ అతని పక్కనే ఉండేవాడు. ఇది పైడిరాజుకి ఆ క్షణం నుంచీ తెలుసు. పలక పట్టినవారు అన్న గడిలో ఆ పేరు ఎందుకు రాశాడో మటుకు ఇప్పుడే తెలిసింది.

రబ్బరు పక్కన పెట్టేశాడు. 11.20 పంక్తి మీద ఒక్క గీత కొట్టాడు, కింద మాటలు కనపడేటట్టు. రాయి తెచ్చుకుని దాని మీది గుర్తుకి కూడా అడ్డంగా ఒక గీత గీశాడు. మళ్లీ పెన్సిల్ తీశాడు.

మేష్టారు లోపలికి వచ్చేసరికి గడ్డం నిండా మంచుంది. తుడుచుకోకుండానే కూర్చుని నోటుబుక్కు అందుకున్నారు. కొట్టేసిన పంక్తి మీద వేలు నడిపారు. దాని కిందది చదివారు.

పద్నాలుగో పొర. గుర్తు పెట్టకముందే రాయి ఊడింది. పలక పైకి తేవాలా అని స్టాన్జిన్ అడిగాడు. వద్దు, అక్కడే ఉండమన్నాను.

రెండుసార్లు చదివారు. ఆయన వేలు పంక్తి మొదట్లో ఆగింది.

"టైము వెయ్యలేదు," అన్నారు.

పైడిరాజుకి ఆ టైము తెలుసు. పదకొండుంబావుకి గుడారంతో మాట్లాడాల్సి ఉంది గనక స్టాన్జిన్‌కి జవాబు చెబుతూనే వాచీ చూసుకున్నాడు. నోటుబుక్కు తీసుకుని 11.02 అని వేశాడు. రెండంకె వంకరగా వచ్చింది. దిద్దలేదు.

మేష్టారు అడుగున సంతకం పెట్టారు. రబ్బరు ముక్క తీసి డబ్బాలో వేసి మూత నొక్కారు. రాయిని పెట్టెలో దాని గడిలోనే సర్దమన్నారు. గుర్తు లేదని చీటీ రాసి అంటించమన్నారు.

అన్నీ అయ్యాక పైడిరాజు కాగితం మీద వరస పూర్తి చేసి ఇచ్చాడు. ఆయన చూసి మడిచి కవర్లో పెట్టారు. తర్వాత ఇంకో తెల్లకాగితం తీసి అతని ముందు పరిచారు.

"ఇది వాళ్లావిడకి," అన్నారు. "హిందీలో రాయి."