రాజుగారు చదివిన నాణెం

రోము సామ్రాజ్యానికి ఉత్తరాన, పెద్ద నది అవతలి అడవుల్లో ఒకానొక రాజ్యం ఉండేది. దాని రాజు విసిమారు చెప్పుకోని గొప్పంటూ లేదు. అయితే అతని జనం రోము వెండి నాణేన్ని తప్ప మరొకదాన్ని ముట్టేవారు కాదు. అది రాజుకు కంటగింపుగా ఉండేది. "అచ్చం అలాంటివే నా బొమ్మతో కొట్టు" అని కంసాలి బెర్తోను ఆజ్ఞాపించాడు.

బెర్తో ఒక రోము నాణెం ఎదురుగా పెట్టుకుని అచ్చు చెక్కాడు. దాని మీది తల బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాలు అతనికి అంచు నగిషీలా కనిపించాయి. ఆ గీతల్ని చేతికి వచ్చినట్టు గీశాడు. రాజు నిండు సభలో ఆ నాణెం పైకెత్తి, "విసిమారు మహారాజు, అడవులకు అధిపతి, శత్రువులకు సింహస్వప్నం" అని గడగడా చదివేశాడు. నిజానికి ఆయనకు రోము లిపిలో ఒక్క ముక్కా రాదు. గొప్పలకు పోయేవాళ్ళతో వచ్చే చిక్కే ఇది.

నెల తిరక్కుండా ఒక రోము వర్తకుడు సభకు వచ్చి, ఆ నాణెం చూసి నవ్వాడు.

"ఇవి అక్షరాలు కావు ప్రభూ. కోడి కెలికిన గీతలు."

రాజు ముఖం జేవురించింది. "ఆ కంసాలి కుడిచెయ్యి నరకండి" అన్నాడు.

భటులు బెర్తోను ఈడ్చుకొచ్చి చెయ్యి మొద్దు మీద పెట్టారు. తలారి గొడ్డలి ఎత్తాడు. ఆ చెయ్యి పోతే బెర్తో ఇంటిల్లిపాదీ పస్తే. పాపం, చేసిన తప్పేమిటో కూడా అతనికి తెలియదు.

అప్పుడు అదల్గారు అనే సభికుడు లేచాడు. మాట జారితే గొడ్డలి తన మెడ మీదికి మళ్ళుతుందని అతనికి తెలుసు.

"ప్రభూ, చిన్న సందేహం. ఆ నాణెం మీద మీ బిరుదులు మీరే చదివారు. మేమందరం విన్నాం. ఇప్పుడు ఈ చెయ్యి తెగితే, అక్కడ అక్షరాలే లేవని మీరు ఒప్పుకున్నట్టవుతుంది. ఈ వర్తకుడు ఊరూరా ఏమని చెబుతాడో."

రాజు అదల్గారును కొరకొరా చూశాడు. చివరికి నాణేన్ని అతని ముందుకు విసిరాడు.

"అయితే ఏమని ఉందో నువ్వే చదువు."

అదల్గారు నాణేన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"కంసాలిని వదిలెయ్యాలి, అతనికి బహుమానం ఇవ్వాలి, అడ్డుపడ్డ సభికుడికి ఒక గుర్రం ఇవ్వాలి అని ఉంది ప్రభూ."

"ఇంత చిన్న నాణెం మీద అన్ని మాటలు పట్టాయా?"

"మీ బిరుదులన్నీ పట్టగా మిగిలిన చోటు ప్రభూ."

రాజు పెదవులు బిగబట్టాడు గానీ నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. తలారి గొడ్డలి దించాడు. బెర్తో బహుమానం పట్టుకుని, రెండు చేతులతో ఇల్లు చేరాడు.

అదల్గారుకు గుర్రం పగ్గం అందిస్తూ రాజు అతని చెవిలో, "ఇకమీదట నాణేలన్నీ నువ్వే చదువు" అన్నాడట.