శేషుబాబు కాళ్లు

శేషుబాబు కాళ్లు మొరాయించాయి.

అది ఒక్కసారిగా జరగలేదు. మొదట మెట్లు దిగేటప్పుడు పిక్కలు బిగిశాయి. తర్వాత ఆఫీసులో కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. చివరికి నీళ్లలో కూడా బరువెక్కాయి. యాభై మీటర్లు ఈదేసరికి తొడలు తడిసిన గోనెసంచుల్లా వెనక వేలాడుతున్నాయి.

అతనికి నలభై ఆరేళ్లు. బెజవాడ రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా. ఈత నేర్చుకున్నది ముప్ఫై ఆరో ఏట. కూతుర్ని ఈతకి తీసుకొచ్చి పూల్ గట్టు మీద కూర్చుంటుంటే, అక్కడ ఈత నేర్పే దేవసహాయం మాస్టారు చూసి, "ఊరికే కూర్చునే బదులు నువ్వూ దిగవయ్యా" అన్నారు. కూతురు రెండు వేసవులకే మానేసింది. తండ్రి మానలేదు. పదేళ్లలో, పెద్దవాళ్లకి విడిగా పెట్టే రాష్ట్ర పోటీల దాకా వెళ్లాడు.

కిందటేడు ఆ పోటీల్లో, నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఈదే రిలేలో వీళ్ల జట్టు రెండో స్థానంలో వచ్చింది. చివరి యాభై మీటర్లు శేషుబాబువే. గోడ తాకడంలో వేలెడు తేడా. పైకొచ్చాక ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. జట్టులో అందరికన్నా పెద్దాయన రంగనాయకులు గారు, రిటైరైన పోస్టుమాస్టరు, అరవై ఎనిమిదేళ్ల మనిషి, భుజం తట్టి, "వచ్చే ఏడు చూద్దాంలే. అప్పటిదాకా నేనుండాలి గానీ" అని నవ్వారు.

ఆయన మామూలుగానే అన్నారు. శేషుబాబు ఆ మాటని మనసులోంచి తీసెయ్యలేకపోయాడు.

అతని ఇల్లు కొండ మీద. కింద రోడ్డు నుంచి గుమ్మం దాకా నూట అరవై మెట్లు. పొద్దున పూల్లో మాస్టారు చెప్పినంతా ఈదేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, మాస్టారికి చెప్పకుండా, ఆ మెట్లు పదిసార్లు పరిగెత్తి ఎక్కి దిగేవాడు. పది పదిహేనయ్యాయి. పదిహేను ఇరవయ్యాయి. ఆ పైన వంద బస్కీలు. "ఎందుకండీ అంత?" అని భార్య ఉమ అడిగితే, "కొండ మీద పుట్టి పెరిగినవాణ్ణి. నా కాళ్లకేమవుతుంది" అనేవాడు.

మొదట్లో వేగం పెరిగింది. నాలుగు నెలలకి ఆగిపోయింది. తర్వాత తగ్గడం మొదలుపెట్టింది. తగ్గినకొద్దీ అతను మెట్లు పెంచాడు. నిద్ర పట్టేది కాదు. ఆకలి చచ్చిపోయింది. ఒకరోజు కూరలో ఉప్పెక్కువైందని కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఉమ కంచం తీస్తూ, "ఉప్పు సరిగ్గానే ఉంది" అని మాత్రం అంది.

పోటీలకి ఇంకా ఏడు వారాలున్నాయి.

ఆ వారంలోనే ఒక పొద్దున దేవసహాయం మాస్టారు స్టాప్‌వాచ్ చూసి, దాన్ని జేబులో వేసుకుని, శేషుబాబుని పైకి రమ్మన్నారు. ఆయనకి డెబ్భై మూడేళ్లు. నలభై ఏళ్లుగా ఆ పూల్లోనే నేర్పుతున్నారు. ఎక్కువ మాట్లాడరు. ఆయన అడిగితే అబద్ధమాడటం కష్టం.

"ఇక్కడ చేసేది కాక ఇంకేం చేస్తున్నావు?"

శేషుబాబు మెట్ల సంగతీ బస్కీల సంగతీ చెప్పేశాడు. దాచినందుకు తిడతారనుకున్నాడు.

మాస్టారు తిట్టలేదు. అతని మణికట్టు పట్టుకుని కాసేపు నాడి చూశారు. వంగి, పిక్క మీద బొటనవేలితో నొక్కారు. శేషుబాబు పళ్లు బిగించాడు.

"పన్నెండు రోజులు ఈత లేదు" అన్నారు. "మెట్లు ఇంటికెళ్లడానికే. అంతకుమించి ఒక్కటి కూడా వద్దు. పొద్దున్నే ఇక్కడికి మాత్రం వచ్చి కూర్చో."

"పోటీలు దగ్గరికొచ్చేశాయి మాస్టారూ. అసలే బలం తగ్గింది. ఇప్పుడు ఆపేస్తే ఉన్నది కూడా పోతుంది."

"బలం ఎక్కడికీ పోలేదు. కాళ్లు అలిసిపోయాయి."

"రెండూ ఒకటే కదండీ?"

మాస్టారు "రేపు రా" అని, ఇంకో లైనులో ఈదుతున్నవాళ్ల వైపు వెళ్లిపోయారు.

నాలుగు రోజులు శేషుబాబు చెప్పినట్టే విన్నాడు. పొద్దున్నే వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. కూర్చోవడం ఈదడం కంటే కష్టంగా ఉంది. రంగనాయకులు గారు తన పద్ధతిలో నిమ్మళంగా ఈదుతూ వెళ్లి, తిరిగొచ్చి, గట్టు పట్టుకుని రొప్పుతుంటే, ఆయన మొహంలోకి చూడలేక తల తిప్పుకునేవాడు. నా వల్ల ఈ ముసలాయన ఈ ఏడు కూడా గెలుపు చూడకుండానే పోతాడు అనిపించేది.

అయిదో రోజు జట్టులో ఒకతను ఓ కబురు తెచ్చాడు. కిందటేడు వీళ్లని ఓడించిన జట్టులో కొత్తగా ఒక ఈతగాడు చేరాడట. చాలా వేగమట.

ఆ సాయంత్రం శేషుబాబు ఆఫీసు నుంచి వచ్చి మెట్ల కింద కాసేపు నిలబడ్డాడు. చెప్పులు విప్పి ఓ పక్కన పెట్టాడు. పరుగెత్తాడు.

తొమ్మిదోసారి ఎక్కుతుండగా, సగం దూరంలో ఎడమ పిక్క పట్టేసింది. గోడ పట్టుకుని ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. కాలు చాపలేడు, ముడవలేడు. రెండు చేతులతోనూ పిక్క పట్టుకుని కూర్చున్నాడు. పొరుగింటి సీతామహాలక్ష్మి గారు కూరల సంచీతో దిగుతూ, "ఏం శేషుబాబూ, ఎవరికోసం చూస్తున్నావు?" అనడిగింది.

"ఎవరికోసమూ కాదండీ. ఊరికే."

ఆవిడ వెళ్లిపోయింది. మిగిలిన మెట్లు ఎక్కడానికి అతనికి అరగంట పట్టింది. చివరి ఇరవై మెట్లు కూర్చుని, చేతులతో ఒళ్లు పైకి లాక్కుంటూ ఎక్కాడు. గుమ్మంలో ఉమ నిలబడి చూస్తోంది. ఆమె పరుగున దిగొచ్చి భుజం కింద చెయ్యి వేసింది.

పొద్దున్నే పూల్‌కి వెళ్లాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు. వెళ్లకపోతే మాస్టారికి తెలిసిపోతుంది. వెళ్లినా తెలిసిపోతుంది. వెళ్లాడు.

గేటు దగ్గర నుంచి గట్టు దాకా అతను కుంటుతూ రావడం మాస్టారు చూశారు. వాచ్‌మన్ గదిలోకి వెళ్లారు. కాసేపటికి ఒక బకెట్ మోసుకుంటూ వచ్చారు. గోరువెచ్చటి నీళ్లు. అందులో గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి చేత్తో కలిపారు.

"కూర్చో."

శేషుబాబు బెంచీ మీద కూర్చున్నాడు. మాస్టారు ఒక చెయ్యి నేలకి ఆనించి, నెమ్మదిగా, కీళ్లు నొప్పెడుతుండగా, అతని ఎదుట గొంతుక్కూర్చున్నారు. అతని ఎడమ పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

శేషుబాబు ఉలిక్కిపడి లేవబోయాడు. "మాస్టారూ, మీరు నా కాళ్లు పట్టుకోవడమేంటి. తప్పు. వదిలెయ్యండి."

మాస్టారు వదల్లేదు. పాదం నీళ్లలో పెట్టారు. దోసిలితో నీళ్లు తీసి పిక్క మీద పోశారు. కుడి పాదం కూడా తీసుకుని పెట్టారు. ఈదుతున్నవాళ్లు ఆగిపోయి, గట్టు పట్టుకుని చూస్తున్నారు. రంగనాయకులు గారు ఈత కళ్లద్దాలు నుదుటి మీదికి లాక్కున్నారు.

"మాస్టారూ, అందరూ చూస్తున్నారు. మీకు దణ్ణం పెడతాను."

"నీకు చెప్పి చూశాను" అన్నారు మాస్టారు, తలెత్తకుండానే. "నువ్వు వినలేదు. అందుకని వీటినే బతిమాలుకుంటున్నాను."

శేషుబాబు పాదాలు వెనక్కి లాక్కోవడం మానేశాడు.

"ఏమని?" అన్నాడు.

"ఈ మనిషిని వదిలిపెట్టొద్దని. మొండివాడే గానీ చెడ్డవాడు కాదని."

ఆయన మళ్లీ దోసిలితో నీళ్లు పోశారు. పిక్క మీద బిగుసుకుపోయిన చోట అరచేత్తో, ఒత్తకుండా, పసిపిల్లల వీపు నిమిరినట్టు నిమిరారు. శేషుబాబు తన కాళ్ల వైపు చూశాడు. మోకాళ్ల కింద నరాలు ఉబ్బి ఉన్నాయి. మెట్ల అంచులు తగిలి చర్మం గీసుకుపోయి ఉంది. ఎప్పుడు తగిలాయో అతనికి గుర్తులేదు. చూస్తుండగానే కళ్లు మసకబారాయి. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నీళ్లు చల్లారేదాకా మాస్టారు లేవలేదు. తర్వాత తన తువ్వాలుతోనే అతని పాదాలు తుడిచి, శేషుబాబు చెయ్యి ఆసరా తీసుకుని లేచి నిలబడ్డారు.

"పన్నెండు రోజులు. ఇవాళ్టి నుంచి మళ్లీ లెక్కపెట్టుకో."

"అలాగే మాస్టారూ."

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికెళ్లి పడుకున్నాడు. ఉమ లేపేసరికి దీపాలు పెట్టే వేళయింది. మూడో రోజుకి ఆకలి వేసింది. అన్నం రెండోసారి అడిగితే ఉమ వడ్డిస్తూ అతని మొహం వంక చూసింది. వారం దాటాక, నిద్ర లేవగానే వేలితో చూసుకుంటే నాడి నిదానంగా కొట్టుకుంటోంది. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు మెట్ల మధ్యలో ఆగి, కింద ఊరినీ అవతల కృష్ణనీ చూస్తూ కాసేపు కూర్చోవడం అలవాటైంది. అంతకుముందు ఎన్ని వందలసార్లు ఆ మెట్లు ఎక్కాడో, ఒక్కసారీ అటు చూసింది లేదు.

పదమూడో రోజు మాస్టారు నీళ్లలోకి దిగమన్నారు. అవతలి గట్టు దాకా ఈదాడు. తొడల్లో బరువు లేదు. తిరిగొచ్చి గట్టు పట్టుకుని, మళ్లీ బయల్దేరబోయాడు.

"చాలు. పైకి రా."

"ఇప్పుడే బాగుంది మాస్టారూ. ఇంకో రెండు."

"బాగున్నప్పుడే రా."

శేషుబాబు ఒక క్షణం నీళ్ల వైపు చూశాడు. పైకొచ్చేశాడు.

ఆ తర్వాత నాలుగు వారాలూ మునుపు చేసినదాంట్లో సగం కూడా చెయ్యనివ్వలేదు ఆయన. శేషుబాబు ఇంకా చేస్తానని అడగలేదు.

పోటీల రోజున వీళ్ల జట్టు మూడో స్థానంలో వచ్చింది. కొత్త ఈతగాడున్న జట్టే మళ్లీ గెలిచింది. శేషుబాబు చివరి యాభై మీటర్లు ఈది, గోడ తాకి, ఇద్దరు తనకంటే ముందే వచ్చేశారని తెలుసుకున్నాడు. ఆయాసపడుతూ తలెత్తితే, గట్టు మీద రంగనాయకులు గారు రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నారు. కంచు పతకం మెళ్లో వేశాక ఆయన దాన్ని తియ్యలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా అది మెళ్లోనే ఉంది. సాంబారు పడకుండా చొక్కా జేబులో దోపుకుని తిన్నారు.

శేషుబాబు చేతులు కడుక్కుని మాస్టారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"మూడోదే మాస్టారూ. కిందటేటి కంటే ఒక స్థానం తగ్గాం. నా టైము కూడా ఏమంత మెరుగుపడలేదు."

"కాళ్లెలా ఉన్నాయి?"

శేషుబాబు ఆలోచించుకోవాల్సి వచ్చింది.

"ఈదుతున్నంతసేపూ అవి గుర్తే రాలేదండీ."

"మరి ఆ ముక్క ముందు చెప్పవేం" అన్నారు మాస్టారు.