చెరువు గట్టు మీద రాజుగారి పరుగు

...అయ్యో, ఇంతసేపు లాగుతున్నందుకు ఏమీ అనుకోకండి వదినా. ముందు పంపిన రెండు వాయిస్ మెసేజులూ ఉపోద్ఘాతానికే సరిపోయాయి, అసలు కథ రానేలేదు. పొద్దున పార్కులో నడిచేవాళ్ళకీ పరుగెత్తేవాళ్ళకీ గొడవైంది కదా, అప్పట్నుంచీ మీకిది చెప్పాలని ఒకటే ఇది. ఇప్పుడు చెప్పేస్తాను, వినండి.

ఎక్కడో ఒక రాజ్యం. దాన్ని ఏలేది గజకేసరి మహారాజు. ఒళ్ళు బరువెక్కిందని ఆస్థాన వైద్యుడు ఆయన్ని రోజూ తెల్లారి పరుగెత్తమన్నాడు. రాజుగారికి ఊరి చెరువు గట్టు నచ్చింది. మెత్తటి మట్టి, చల్లటి గాలి. కాకపోతే ఆ గట్టు మీద ఊరందరూ నడుస్తారు.

రాజు కదిలితే ముందు "బహుపరాక్" అని కేకలేసే భటులుండాలి కదా. అరుస్తూ పరుగెత్తడం ఎవరివల్ల అవుతుంది చెప్పండి. మొదటిరోజే ఆయాసంతో కూలబడ్డారు. మర్నాటినుంచీ రాజుగారు ఒక్కరే. పోనీ తానైనా ఓ కేక వేస్తాడా అంటే, వెయ్యడు.

"దారిమ్మని అడిగేవాడు రాజెలా అవుతాడయ్యా? కేక వెయ్యడం రాజమర్యాద కాదు. నేను వస్తుంటే జనానికే తెలియాలి" అంటాడు.

అలా వెనకనుంచి చప్పుడు చెయ్యకుండా రావడం, భుజం తగిలించి పోవడం. జనం బురదలో పడి, లేచి దణ్ణం పెట్టడం. ఇదీ వరస.

ఒకరోజు గురవమ్మ అని పెరుగమ్ముకునే ముసలావిడ, తలమీద కుండ పెట్టుకుని సంతకి పోతోంది. రాజుగారు వెనకనుంచి వచ్చి ఢీకొట్టారు. కుండ పగిలి, సగం పెరుగు రాజుగారి మీసాల మీదే పడింది.

"వస్తున్నానని చెప్పి రావొద్దా అయ్యా?" అంది ఆవిడ, బురదలో కూర్చునే.

అంతే, సభ పెట్టారు. రాజుకి అడ్డం రావడమే కాక ఎదురు ప్రశ్నా? ఇక జన్మలో ఆ చెరువు గట్టు ఎక్కకూడదని శిక్ష. సంతకి వేరే దారి లేదు వదినా. పెరుగు అమ్మితేనే ఆవిడకి ఆ పూట పొయ్యి వెలిగేది.

సభలో సింగరయ్య అని ఒకాయన ఉన్నాడు. మాటకారి. మెల్లగా లేచాడు.

"శిక్ష బాగుంది ప్రభూ. కానీ పొరుగు రాజ్యం వాళ్ళకి నోటి దురద ఎక్కువ. తలమీద కుండున్న మనిషికి వెనకొచ్చేది ఎలా తెలుస్తుందీ అంటారు."

"ఎందుకు తెలియదు? నాకైతే తెలుస్తుంది."

"నేనూ అదే అంటాను. ఏలినవారు ఒక్కసారి కుండెత్తుకుని నడిచి చూపిస్తే వాళ్ళ నోళ్ళు మూతపడతాయి. వెనకనుంచి నేను పరుగెత్తుకొస్తాను. తమరు పసిగట్టి పక్కకు తప్పుకోండి. కుండ నిలిచిందా, తప్పు ఆ ముసలవ్వదే."

"పడితే?"

"తమ తలమీద కుండ పడటమేంటి ప్రభూ."

రాజుగారు పొంగిపోయారు.

మర్నాడు తెల్లారింది. గురవమ్మే వచ్చి రాజుగారి తలమీద గుడ్డ చుట్ట పెట్టి, నిండుకుండ ఎక్కించింది. నాలుగడుగులు వేశాడో లేదో వెనక ఆకు కదిలింది. చటుక్కున పక్కకు జరిగాడు. ఎవరూ రాలేదు. ఇంకో పదడుగులకి కప్ప దూకింది. మళ్ళీ జరిగాడు. తిరిగి చూద్దామంటే కుండ తల తిప్పనివ్వదు. మెడ కొయ్యలా బిగుసుకుపోయింది, చెమటలు కారుతున్నాయి. ఇంతలో కొంగ ఒకటి రెక్కలు టపటపలాడించింది. సింగరయ్యే అనుకుని రాజుగారు ఒక్క గెంతు గెంతారు.

కుండ నేలమీద. రాజు బురదలో.

తీరా చూస్తే సింగరయ్య గట్టు మొదట్లోనే రాయి మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు.

"నువ్వసలు పరుగెత్తలేదా?"

"లేదు ప్రభూ. కాలు పట్టేసింది."

"ఆ ముక్క ఓ కేకేసి చెప్పొచ్చు కదయ్యా. వస్తున్నావో లేదో తెలియక నా ప్రాణం పోయింది."

"చెబుదామనే నోరు తెరిచాను. కేక వెయ్యడం మర్యాద కాదని తమరే సెలవిచ్చారు గదాని మూసుకున్నాను."

రాజుకి ఆ బురదలోనే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వి, తన కంఠహారం తీసి సింగరయ్య మెడలో వేశాడు. గురవమ్మ శిక్ష రద్దు. ఆ పూటే దండోరా వేయించాడు. పరుగెత్తేవాడు పదడుగుల దూరంలోనే ఏ పక్కనుంచి వస్తున్నాడో చెప్పాలి. నడిచేవాళ్ళు కబుర్లలో పడి గట్టంతా పరుచుకోకుండా ఒక పక్కగా పోవాలి. బరువు మోసేవాళ్ళకి ఎవరైనా దారివ్వాల్సిందే, రాజైనా సరే.

మర్నాడు గురవమ్మ కొత్త కుండతో పోతోంది. వెనకనుంచి గొంతు వినబడింది. ఆ గొంతు పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ దారి అడిగింది కాదు, కాస్త తడబడింది.

"అవ్వా, కుడిపక్కనుంచి వస్తున్నాను."

ఆవిడ మెడ తిప్పలేదు, అడుగు తడబడలేదు. కాస్త ఎడమకి జరిగింది.

"పోయిరా నాయనా, అక్కడ తడిగా ఉంది, జారేవు" అంది.

రాజుగారు మరి ఆ తడి దగ్గర... ఆఁ, వస్తున్నానండీ, తాళాలు నా దగ్గరే ఉన్నాయి, తలుపు కొట్టకండి. వదినా, ఉంటాను, మా ఆయన